అరగంట ఆగిన కాఫీ

గోదావరి జిల్లాల ఇళ్ళల్లో తెల్లారిందంటే ముందు కాఫీ. పళ్ళు తోముకోవడం, కాఫీ తాగడం, ఆ తర్వాతే లోకాభిరామాయణం. చుట్టాలింట్లో ముఖం కడుక్కుని వచ్చేసరికి గ్లాసు చేతికి అందలేదంటే, ఆ ఇంటివాళ్ళకి మర్యాద తెలియదని ఊరు దాటకముందే తీర్మానించేస్తారు.

అలాంటి ఇంట్లో, పెళ్ళయి రెండేళ్ళు దాటిన కోడలు పొద్దున్నే కాఫీ ముట్టుకోకపోతే ఎవరి కంటా పడకుండా ఉంటుందా! 'కాసేపాగి తాగుతానండి అత్తయ్యగారూ' అంటుందా అమ్మాయి. అత్తగారు మావగారి వంక చూస్తారు. పూలు కోసుకోవడానికొచ్చిన పక్కింటి పిన్నిగారు సజ్జ పట్టుకుని అక్కడే ఆగిపోతారు. 'ఏమ్మా, వికారంగా ఉందా? విశేషమా?' అని అడగనే అడుగుతారు.

విశేషమేమీ లేదు. ఆ అమ్మాయి పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకుంది. అది వేసుకున్నాక కనీసం అరగంట, వీలైతే గంట కాఫీ తాగకూడదు. తాగితే మందు ఒంటికి సరిగ్గా పట్టదు. పిల్లలు కలగాలని వేసుకుంటున్న మాత్రే ఆమెకు ఇంట్లో లేని కడుపును అంటగట్టింది. నవ్వొచ్చే సంగతే. ఆ అమ్మాయి కూడా నవ్వేసి, తడిచెయ్యి కొంగుకి తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోతుంది. లోపలికి వెళ్ళాక ఏం చేస్తుందో మనకి తెలియదు.

ఇప్పుడు మన ఇళ్ళల్లో ఇలాంటి అమ్మాయిలు చాలామందే ఉన్నారు. మాత్రల సీసాని కొందరు వంటింట్లో కాఫీపొడి డబ్బా పక్కన పెట్టుకుంటారు. కొందరు దేవుడి గూట్లో పెడతారు, దీపం పెట్టేటప్పుడు గుర్తుంటుందని. నలుగురూ వచ్చిపోయే ఇల్లయితే బీరువాలో చీరల కింద దాస్తారు. మాత్ర చూస్తే పెసరగింజంత ఉంటుంది. అందులో మందు మరీ తక్కువ. పాతికో, యాభయ్యో మైక్రోగ్రాములు. మైక్రోగ్రాము అంటే గ్రాములో పదిలక్షలో వంతు. అంత కొంచెం మందు మీద ఒక ఇల్లంతా ఆశ పెట్టుకుని ఉంటుంది.

ఇలాంటి అమ్మాయిలున్న ఊళ్ళల్లో మొగల్తూరు ఒకటి. ఆ పేరు అనగానే మనకి సినిమావాళ్ళు గుర్తొస్తారు. కృష్ణంరాజు, చిరంజీవి ఇద్దరూ అక్కడ పుట్టినవాళ్ళే. కానీ ఊళ్ళో ఉండేవాళ్ళకి ఊరంటే కొబ్బరితోటలు, చేపల చెరువులు, రొయ్యల చెరువులు, కార్తీకమాసంలో స్నానాలకి వెళ్ళే పేరుపాలెం సముద్రం. అరుగుల మీద లేసు అల్లుకునే ఆడవాళ్ళు. నరసాపురం లేసు అని దేశదేశాలకి వెళ్ళేదంతా ఈ చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్ళ చేతుల్లో తయారయ్యేదే.

పెద్ద డాక్టరుకి చూపించుకోవాలంటే మాత్రం నరసాపురమో, పాలకొల్లో, భీమవరమో వెళ్ళాలి. పొద్దున్నే షేర్ ఆటో ఎక్కాలి. ఫైలు కనిపించకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోవాలి. ఆటోలో తెలిసినవాళ్ళు 'ఎక్కడికమ్మా?' అంటే, 'చీర ఫాల్ కుట్టించడానికండి' అనో 'బ్యాంకు పనుందండి' అనో చెప్పాలి. చిన్న అబద్ధమే. నోట్లోంచి వచ్చేటప్పుడు మాత్రం గుటక పడుతుంది.

ఆస్పత్రి వరండాలో కథ వేరేగా ఉంటుంది. అక్కడ దాచుకోవాల్సిన పని లేదు. కూచున్నవాళ్ళంతా ఒకే దారిన వచ్చినవాళ్ళే. పేరు తెలియని ఇద్దరాడవాళ్ళు పక్కపక్కన కూచున్న పది నిమిషాలకే ఒకరినొకరు అడుగుతారు. 'మీకు పాయింట్లు ఎంతండి?' 'మొదట్లో తొమ్మిదుండేదండి, ఇప్పుడు మూడుకి దిగింది.' 'మీరు నయమే. నాకు థైరాయిడ్ కాదంట, నీటిబుడగలంట.' 'మా ఆడపడుచుకీ అవే ఉండేవండి, మొన్న శ్రావణంలో బాబు పుట్టాడు.' ఆ చివరి మాట విన్నాక రెండో ఆవిడ ముఖంలో వెలుగొస్తుంది. మందులచీటీ రాయకుండా ఇచ్చిన మందు అది.

ఈ పాయింట్ల సంగతి కాస్త చెప్పుకోవాలి. మెడ ముందుభాగంలో ఉండే థైరాయిడ్ గ్రంథి మందగిస్తే, మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి దాన్ని పనిచేయించడానికి టీఎస్‌హెచ్ అనే హార్మోనుని ఎక్కువగా వదులుతుంది. రక్తపరీక్షలో చూసేది ఆ అంకెనే. అది ఎక్కువుందంటే థైరాయిడ్ తక్కువ పనిచేస్తున్నట్టు. గర్భం కోసం చూస్తున్నవాళ్ళకి అది రెండున్నర లోపు ఉంటే మంచిదని డాక్టర్లు సాధారణంగా అనుకుంటారు. థైరాయిడ్ బాగా తగ్గితే నెలసరి గాడి తప్పుతుంది, అండం వేళకి విడుదల కాదు. కొందరిలో పాలకి సంబంధించిన ప్రొలాక్టిన్ కూడా పెరుగుతుంది. ఎక్కడో మెడలో ఉన్న గ్రంథికి, కడుపు పండడానికి ఇంత సంబంధం ఉందంటే మొదట ఎవరికైనా ఆశ్చర్యంగానే ఉంటుంది.

రొయ్యల చెరువు గట్టు మీద పుట్టి పెరిగినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదేమో. రైతుకి రొయ్య కనపడదు. నీళ్ళు పరీక్ష చేయించుకుంటాడు, మేత ఎంత మిగిలిందో వల తట్ట పైకి లాగి చూస్తాడు. దాన్నిబట్టి అడుగున ఏం జరుగుతోందో లెక్క కడతాడు. సున్నమో, మందో కొంచెం వేసి ఆగుతాడు. ఎక్కువ వేస్తే మొదటికే మోసం. రక్తం చూసి మాత్ర మోతాదు పాతిక నుంచి యాభైకి పెంచి, ఆరు వారాలాగి మళ్ళీ రమ్మనే డాక్టరు చేసేదీ ఇదే.

ఆ ఆరు వారాలు ఎందుకని చాలామందికి విసుగు. జ్వరం మాత్ర గంటలో పనిచేస్తుంది కదా, దీనికేం వచ్చింది? ఈ హార్మోను ఒంట్లో చేరినది సగానికి తగ్గడానికే వారం రోజులు పడుతుంది. కొత్త మోతాదు లోపల కుదురుకుని, పిట్యూటరీకి ఆ కబురు అంది, అంకె మారేసరికి అయిదారు వారాలు గడుస్తాయి. ముందే పరీక్ష చేయించినా సరైన జవాబు రాదు. ఒళ్ళు తన లెక్కన తను నడుస్తుంది. మన ఆత్రం దానికి పట్టదు.

ఈ మందు వెనక కథ కూడా అంత నెమ్మదిగానే నడిచింది. 1891లో ఇంగ్లండులో జార్జ్ ముర్రే అనే యువ డాక్టరు, థైరాయిడ్ పూర్తిగా చచ్చుబడిన ఒకావిడకి గొర్రె థైరాయిడ్ రసం సూదితో ఎక్కించాడు. ఒళ్ళంతా ఉబ్బి, మాట ముద్దయిపోయి, మంచానపడ్డ మనిషి లేచి తిరిగింది. ఆ తర్వాత 28 ఏళ్ళు బతికింది. అన్నేళ్ళూ గొర్రెల పుణ్యమే. మరుసటి ఏడాదికే సూది అక్కర్లేదు, నోటితో తీసుకున్నా పనిచేస్తుందని తేలింది.

1914 డిసెంబరు 25న, సరిగ్గా క్రిస్మస్ నాడు, అమెరికాలో ఎడ్వర్డ్ కెండాల్ ఆ రసంలోని అసలు పదార్థాన్ని స్ఫటికాలుగా వేరుచేశాడు. అదే థైరాక్సిన్. 1927 నాటికి బ్రిటన్‌లో చార్లెస్ హారింగ్టన్, జార్జ్ బార్జర్ దాన్ని ప్రయోగశాలలోనే తయారుచేయగలిగారు. టీఎస్‌హెచ్‌ని రక్తంలో కచ్చితంగా కొలవడం మాత్రం 1960ల దాకా కుదరలేదు. అది మన ఊళ్ళ దాకా రావడానికి ఇంకా ఎన్నో ఏళ్ళు పట్టింది.

ఈ తారీఖులు చదువుతుంటే మన చిన్నప్పటి వీధి గుర్తొస్తుంది. ప్రతి వీధిలోనూ పిల్లల్లేని ఒక పెద్దమ్మ ఉండేది. పండగరోజు వీధిలో పిల్లలందరికీ తలంటి పోసేది ఆవిడే. ఎవరి పిల్లాడు అలిగినా ఆవిడింట్లోనే తేలేవాడు. సున్నుండల డబ్బా ఏ అలమరలో ఉంటుందో ఆవిడకన్నా మనకే బాగా తెలుసు.

అలాంటి పెద్దమ్మే సీమంతాలకి, బారసాలలకి వచ్చినప్పుడు వెనకవరసలో కూచునేది. పిలిస్తే తప్ప ముందుకొచ్చేది కాదు. కొందరు పిలిచేవారు, కొందరు మరిచిపోయినట్టు ఉండేవారు. ఇంటాయన ఇంకో పెళ్ళి చేసుకోలేదు కాబట్టి ఆవిడ అదృష్టవంతురాలని అనుకునేవారు. ఆవిడ ఎదురుగానే అనేవారు.

ఆవిడని ఇప్పుడు తలుచుకుంటే చిన్నచిన్న సంగతులు పైకొస్తాయి. ధనుర్మాసం రాకముందే శాలువా కప్పుకునేది. జుట్టు రాలిపోయి ముడి నిమ్మకాయంత అయ్యేది. గొంతు కాస్త బొంగురు. మెట్టెక్కి దిగాలంటే ఆయాసం. మధ్యాహ్నమైతే కునుకు. 'వట్టి మందకొడి మనిషి' అని అత్తగారు, 'తిండి తక్కువే కానీ ఒళ్ళు ఊరికే వస్తుంది' అని తోటికోడలు. థైరాయిడ్ మందగించినవాళ్ళ లక్షణాలు డాక్టరు ఒక్కొక్కటే చెబుతుంటే, అది పాఠంలా వినపడదు. ఆవిడే వచ్చి ఎదురుగా నిలబడ్డట్టు ఉంటుంది.

ఆవిడకి ఉన్నది అదో కాదో ఇప్పుడు చెప్పేవాళ్ళెవరూ లేరు. వేరే కారణమేదైనా ఉండొచ్చు. లోపం పెద్దనాన్నగారిదీ కావచ్చు. ఆ రోజుల్లో మగవాళ్ళకి పరీక్ష అనే మాటే ఊహలో లేదు. మందు మాత్రం అప్పటికే ఈ లోకంలో ఉంది. పరీక్షే ఆ వీధి మలుపు తిరగలేదు. ఆవిడ బతుకంతా ఒక నింద మోసింది. అది నిజానికి గ్రాములో పదిలక్షలో వంతుల్లో కొలవాల్సిన లోటు అయ్యుండొచ్చని ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

అందుకే ఈ చిన్న మాత్రని చూస్తే మనసుకి కాస్త ఊరట. పిల్లలు పుట్టడం, పుట్టకపోవడం తర్వాతి సంగతి. 'నీ జాతకంలో లేదు', 'నువ్వు అడుగుపెట్టిన వేళ మంచిది కాదు' అనే మాటల స్థానంలోకి, 'నీకు ఈ హార్మోను కొంచెం తక్కువుంది, సర్దుకుంటుంది' అనే మాట వచ్చింది. ఒక మనిషి భుజాల మీంచి ఎంత బరువు దిగుతుందో ఆ మాట విన్న క్షణంలో ఆమె ముఖం చూస్తే తెలుస్తుంది. కొందరు డాక్టరు ఎదురుగానే ఏడ్చేస్తారు. అది దుఃఖం కాదు.

ఇదే చీటీలో ఇంకో మాత్ర కూడా ఉంటుంది. పేరు ఫోలిక్ ఆసిడ్. పిల్లలు కావాలనుకునే ప్రతి ఆడమనిషికీ ముందునుంచే రాస్తారు. దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. విటమిన్ మాత్రే కదా అనుకుంటారు. మన ప్రాంతం వాళ్ళు మాత్రం దాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడు ఒక్క క్షణం ఆగొచ్చు. ఎందుకంటే అందులో భీమవరం మనిషి చెయ్యి ఉంది.

ఎల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చదువు కొంత రాజమండ్రిలో, వైద్యవిద్య మద్రాసులో. కుర్రతనంలోనే తోడబుట్టినవాళ్ళిద్దరు స్ప్రూ అనే పేగుజబ్బుతో కొద్దిరోజుల తేడాలో పోయారు. ఆ జబ్బు ఆయన్నీ పట్టింది. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నారు. 1920ల్లో అమెరికా వెళ్ళిపోయారు. మళ్ళీ తిరిగి రాలేదు.

ఆయన లెడర్లీ ప్రయోగశాలల్లో నడిపిన బృందమే 1945లో ఫోలిక్ ఆసిడ్‌ని తయారుచేసింది. అన్నదమ్ముల్ని పొట్టనబెట్టుకున్న ఆ పేగుజబ్బుకీ అది మందయింది. 1948లో ఆయన పోయేనాటికి వయసు 53. మన గోదావరి జిల్లాల్ని పీడించిన బోదకాలుకి మందు తెచ్చిందీ ఆయన బృందమే. 1995లో ఆయన బొమ్మతో మన తపాలాశాఖ స్టాంపు వేసింది.

ఫోలిక్ ఆసిడ్ కథలో అంతకుముందు సంగతి ఇంకోటుంది. 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయి వచ్చి, బట్టలమిల్లుల్లో పనిచేసే గర్భిణులు ఎందుకంత పాలిపోతున్నారో చూసింది. ఈస్టుతో చేసే మార్మైట్ అనే చవక పదార్థం తినిపిస్తే వాళ్ళు కోలుకున్నారు. అందులో ఉన్నదేమిటో అప్పుడు తెలియలేదు. అది ఫోలేట్ అని తర్వాత తేలింది. ఏ మిల్లులో ఏ ఆడకూలీలు ఆ పరీక్షలకి చెయ్యి చాపారో వాళ్ళ పేర్లు మనకి తెలియవు. ఇవాళ మొగల్తూరు అమ్మాయి మింగే మాత్రలో వాళ్ళ రక్తపుచుక్కల రుణం కూడా కొంత ఉంది.

ఈ మాత్ర ముందునుంచే ఎందుకంటే, బిడ్డ వెన్నుపాము, మెదడు రూపు దిద్దుకునే గొట్టం కడుపులో పడ్డ 28 రోజుల్లోనే మూసుకుంటుంది. నెల తప్పిందని తల్లి గ్రహించేసరికే ఆ పని దాదాపు అయిపోతుంది. అందుకని ఫోలిక్ ఆసిడ్ బిడ్డ కన్నా ముందు వచ్చి కూచోవాలి. ఇంకా రాని చుట్టానికి పక్క వేసి ఉంచడం మన ఇళ్ళల్లో కొత్తేమీ కాదు.

అందరిదీ థైరాయిడ్ కథే కాదు. వరండాలో ఆవిడ చెప్పిన నీటిబుడగలు, అంటే పీసీఓఎస్, ఇంకా ఎక్కువమందిని పలకరిస్తోంది. 1935లో షికాగో డాక్టర్లు స్టీన్, లెవెంథాల్ దాన్ని మొదట వివరంగా రాశారు. నెలసరి రెండు మూడు నెలలకోసారి రావడం, గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు, బరువు. దీనికి నడక, తిండిలో మార్పు, అండం విడుదలకి మాత్రలు, రోజు విడిచి రోజు స్కానింగులు. 'అండం ఉన్న తిత్తి ఇవాళ పద్నాలుగు మిల్లీమీటర్లుంది, ఎల్లుండి మళ్ళీ రండి' అంటారు. ఊరినుంచి ఎల్లుండి మళ్ళీ రావడమంటే ఇంట్లో ఇంకో కారణం వెతుక్కోవడమే.

ఇందులో మగవాడి పాలు ఎక్కడ? చాలా రోజులు లేదు. ఇప్పుడిప్పుడే వస్తోంది. లోపం మగవాళ్ళలోనూ దాదాపు అంత తరచుగానే ఉంటుందని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. ఆ పరీక్ష అన్నిటికన్నా తేలిక, చవక కూడా. అయినా మొదట అమ్మాయికి పది పరీక్షలయ్యాకే అబ్బాయి వంతు. మన పురాణం మాత్రం ఇలా చెప్పలేదు. పాయసం తాగింది రాణులే కావచ్చు. పుత్రకామేష్టికి దీక్ష పట్టి కూర్చున్నది దశరథుడే.

భార్యతో పాటు ఆస్పత్రికి వచ్చి, వరండాలో బెంచీమీద ఫైలు ఒళ్ళో పెట్టుకుని, టోకెన్ నంబరు ఎక్కడ తప్పిపోతుందోనని తలుపు వంకే చూసే కుర్రాళ్ళు ఇప్పుడు కనిపిస్తున్నారు. ఏం మాట్లాడాలో వాళ్ళకి తెలియదు. 'ఇడ్లీ తింటావా?' అని అడుగుతారు. రక్తం ఇచ్చి బయటికొచ్చిన అమ్మాయికి ఆ మాట చాలు.

ఇక నెలల లెక్క. ఈ బాధ బయటివాళ్ళకి తెలియదు. ఏ ఇబ్బందీ లేని పడుచు దంపతులకి కూడా ఏ నెలకి ఆ నెల అవకాశం నూటికి ఇరవై, పాతికే. ఏడాదిపాటు చూశాకే డాక్టర్లు దీన్ని సమస్యగా లెక్కేస్తారు. ముప్పై అయిదు దాటినవాళ్ళకి ఆరు నెలలు. ఈ లెక్క చెప్పినప్పుడు అందరూ తలూపుతారు. ఆ అమ్మాయి మనసు మాత్రం ఈ లెక్క వినదు. నెలలో సగం రోజులు ఆశ, తర్వాతి సగం భయం. తేదీ ఒక్కరోజు దాటితే నడక మారిపోతుంది. బిందె ఎత్తదు, పరుగు పెట్టదు. రావిచెట్టు చుట్టూ తిరుగుతూ కడుపు తడిమి చూసుకున్నట్టు అని మనవాళ్ళు వేళాకోళంగా అంటారు కానీ, ఆ తడుముకునే చేతిలో ఎంత ఆశ ఉందో సామెత కట్టినవాళ్ళకీ తెలిసే ఉంటుంది.

ఇంట్లో పరీక్ష చేసుకునే కిట్ ఊళ్ళో మందులషాపులో కొనరు. కొంటే సాయంత్రానికల్లా నాలుగు వీధులకీ తెలిసిపోతుంది. భీమవరం వెళ్ళినప్పుడు ఆయన చొక్కాజేబులో పెట్టుకుని తెస్తాడు. తెల్లవారుజామున ఇంట్లో ఎవరూ లేవకముందు చూసుకుంటారు. ఒక్క గీతే. రెండోది వస్తుందేమోనని కిటికీ వెలుతురుకి తిప్పి తిప్పి చూసి, కాగితంలో చుట్టి, చెత్తబుట్టలో కాకుండా దూరంగా పారేస్తారు. ఆ తర్వాత ఆ అమ్మాయి మామూలుగా ముగ్గు పెడుతుంది. మామూలుగా పాలు పొంగిస్తుంది.

మొక్కులూ ఆగవు, ఆగక్కర్లేదు. నాగులచవితికి పుట్టలో పాలు పోస్తారు. వాడపల్లి వెంకన్న గుడిలో ఏడు శనివారాలు ప్రదక్షిణలు చేస్తారు. రేవు దాటి అంతర్వేది వెళ్తారు. అటు మొక్కు, ఇటు మాత్ర. ఒకే చేతిసంచిలో కుంకుమ పొట్లం, స్కానింగు రిపోర్టు పక్కపక్కన ఉంటాయి. వాటికి పేచీ లేదు. మనిషి ఆశకి ఎన్ని ఆసరాలుంటే అంత మంచిదే. మాత్ర మానేసి మొక్కు ఒక్కటే పట్టుకోనంతవరకూ దేవుడూ డాక్టరూ ఒకే ఇంటికి వచ్చిపోతూ ఉండొచ్చు.

ఈ కష్టం ఒక ఊరిది కాదు. ప్రపంచంలో పెద్దవాళ్ళలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు సంతానం విషయంలో ఈ ఇబ్బంది చూస్తారని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అంటే ఏ పెళ్ళిపందిట్లో చూసినా, ఒక బంతిలో భోజనానికి కూచున్నవాళ్ళలో నలుగురైదుగురు ఈ సంగతి లోలోపల ఎరిగినవాళ్ళే. అప్పడం విరుచుకుంటూ 'ఇంకా ఏమీ లేదా?' అని మనం అడిగింది వాళ్ళలో ఎవరినో మనకి తెలియదు.

అడిగేవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ఈ మాట గట్టిగా చెప్పుకోవాలి. మన ఊళ్ళల్లో ప్రశ్న ప్రేమకి మారుపేరు. 'ఎప్పుడొచ్చావు, ఎన్నాళ్ళుంటావు, జీతమెంత, పిల్లలెంతమంది' అని అడక్కపోతే ముభావంగా ఉన్నారని అనుకుంటాం. 'ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం' అని సామెత చెప్పుకున్నా, పెళ్ళయిన మర్నాటినుంచే మనవడి పేరు వెతికే తాతగారి సంబరంలో కల్మషం లేదు. పదిమంది ప్రేమగా అడిగిన పది ప్రశ్నలు కలిసి ఒక అమ్మాయి మీద ఎంత బరువవుతాయో ఆ పదిమందిలో ఏ ఒక్కరికీ తెలియదు. అంతే.

లేసు అల్లే అరుగు మీద ఒకసారి ఇలాగే మాట మళ్ళిందట. 'నీకెప్పుడే?' అని ఎవరో కోడలిపిల్లని అడిగారు. ఆ అమ్మాయి 'ఆయ్, ఇంకా లేదండి' అని తలొంచుకుంది. పక్కన కూచున్న ముసలావిడ చేతిలో సూది ఆపకుండానే, 'దాని పని అది చూసుకుంటుంది కానీ, నువ్వా పువ్వు రేకు ఒకటి వదిలేశావ్, చూసుకో' అందట. అడిగినావిడ అల్లిక విప్పుకోవడంలో పడింది. మాట మారిపోయింది. అంత తేలిగ్గా మనిషిని కాపాడొచ్చని మనకి ఎప్పుడు తోచాలి!

ఇన్నీ చేసినా కొందరికి పిల్లలు పుట్టరు. ఆ మాట కూడా దాచుకోకూడదు. అంకెలన్నీ సరిపోయాక, మాత్రలన్నీ అయ్యాక కూడా కొన్ని ఒళ్ళు పలకవు. కారణం డాక్టరుకీ తెలియదు. అలాంటి ఇంట్లో ఇద్దరే మిగులుతారు. ఆ ఇద్దరూ ఒకరికొకరు చాలు అనుకునేలా చుట్టూ ఉన్నవాళ్ళు ఉంటే, ఆ ఇల్లు కూడా ఇల్లే. మన పెద్దమ్మ ఇల్లు అంతకన్నా తక్కువ ఇల్లేమీ కాదు. మనమంతా తిని తిరిగింది అక్కడే.

ఇప్పుడు మందు ఉంది, పరీక్ష ఉంది, అడిగితే చెప్పే డాక్టరు ఉన్నాడు. ఒకప్పుడు ఆడమనిషి నెత్తిన పెట్టిన నిందని ఈ చిన్న మాత్ర కొంతవరకూ దించింది. దించినదాన్ని మాటతో మళ్ళీ ఎత్తకుండా ఉంటే మన వంతు సాయం చేసినట్టే.

థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్న అమ్మాయిలకి మాత్రం రెండు మాటలు. ఐరన్, కాల్షియం మాత్రలు దీంతో కలిపి వేసుకోవద్దు, నాలుగు గంటల తేడా ఉంచండి. నెల తప్పిందని తెలియగానే, 'కడుపుతో ఉన్నప్పుడు మందులెందుకు' అని ఎవరు చెప్పినా ఇది మానొద్దు. మొదటి మూడు నెలలూ బిడ్డకి కావలసిన థైరాయిడ్ హార్మోను తల్లి దగ్గరనుంచే వెళ్ళాలి. అప్పుడు మోతాదు సాధారణంగా పెంచాల్సి వస్తుంది కాబట్టి, ఆ కబురు అత్తగారికన్నా ముందు డాక్టరుకి చెప్పండి. అత్తగారు ఏమీ అనుకోరు.

మిగిలిన మనకి ఒక్కటే మాట. ఈసారి పెళ్ళిలోనో పేరంటంలోనో కొత్త జంట కనిపిస్తే ఉద్యోగం అడుగుదాం, ఊరు అడుగుదాం, భోజనం చేశారా అని అడుగుదాం. ఆ ఒక్క సంగతీ మాత్రం వాళ్ళకే వదిలేద్దాం. చెప్పాలనుకున్న రోజు వాళ్ళే చెబుతారు.